తీయమన్న కిటికీ

సంచిలోకి ముందుగా కత్తెర వెళ్ళింది. తర్వాత దారపు రీళ్ళు, సూదుల డబ్బా, రెండు కళ్ళజోళ్ళు, మందుల పొట్లం. బట్టలు అన్నిటికన్నా చివర్న, మిగిలిన చోట్లో కూరేసింది చిన్నత్త. దర్జీ దుకాణాలకు కాజాలు కుట్టిపెట్టి బతికే మనిషికి బట్టలంటే ఎప్పుడూ ఎవరివో ఒకరివే.

గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. గదిలో ఎన్నడూ లేనంత వెలుతురు. మంచం కింద దుమ్ము, గోడ మీద సున్నం పెచ్చులు, చిన్నత్త చెంప మీద ఆరిపోయిన కన్నీటి చార, అన్నీ కనిపిస్తున్నాయి. ఆ వెలుతురే ఇవాళ్టి గొడవ.

నిన్నటిదాకా వెనక గోడలో మూసిన కిటికీ ఉన్న చోట ఇప్పుడు పెద్ద కంత ఉంది. దాని అంచుల నుంచి ఇటుకపొడి ఇంకా రాలుతూనే ఉంది. కంతలోంచి చూస్తే సందు, సందుకు అవతల పొరుగింటి గోడ, ఆ గోడ మీద కూర్చుని వీళ్ళ సంసారాన్ని తీరిగ్గా చూస్తున్న ఒక పిల్లి.

"చిన్నత్తయ్యా, ఒక్క మాట వినండి."

"విన్నానమ్మా. పొద్దున్నే విన్నాను, దబదబమని సుత్తి దెబ్బలు. స్నానానికి వెళ్ళాను కాబట్టి సరిపోయింది. గదిలో ఉండుంటే నన్ను కూడా చట్రంతో పాటే పీకి వరండాలో ఆనించేవాడు ఆ మేస్త్రి."

"తప్పు నాదే."

"నీది కాదు, నాది. అడిగింది ఒక్క కిటికీ. అది కూడా ఎక్కువే అడిగానన్నమాట."

అది నిజమే. ఇల్లు బాగుచేయిద్దామనుకున్న నాడే చిన్నత్త ఒక షరతు పెట్టింది. ఇంట్లో ఏ కిటికీ అయినా పీక్కోండి, ఏ అద్దాలైనా బిగించుకోండి, నా గది కిటికీ జోలికి మాత్రం రావద్దంది. ఆవిడ చనిపోయిన మామగారికి చెల్లెలు. పుట్టి పెరిగిన ఇల్లు, అడిగే హక్కుంది. అందరూ సరేనన్నారు. ఎందుకని అడిగింది కోడలొక్కతే. జవాబు రాలేదు.

కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి అమర్చే పని చేస్తుంది. రోజంతా చిన్న చిన్న గీతలు వెతికే కళ్ళు, ఇంటికొచ్చాక కూడా ఊరుకోవు. ఉప్పు డబ్బా ఎందుకు ఆ మూలే ఉంది, మెట్ల మీద మూడో పలక ఎందుకు వేరే రంగు, అన్నీ కావాలి. కాపురానికి వచ్చిన కొత్తలోనే మామగారు ఆమెకు 'ఎందుకమ్మ' అని పేరు పెట్టారు. ఆయన పోయారు గానీ పేరు ఉండిపోయింది.

"ఎక్కడికి వెళ్తారు?" అంది ఎందుకమ్మ.

"దర్జీ దుకాణం పైన గది ఖాళీగా ఉంది. ఎప్పటి నుంచో రమ్మంటున్నాడు."

"ఆ గదికి అసలు కిటికీయే లేదు చిన్నత్తయ్యా!"

"మరీ మంచిది. ఎవరూ పీకరు."

కోడలు చరచరా వరండాలోకి వచ్చింది. అక్కడ పాత కిటికీలన్నీ గోడకు ఆనించి ఉన్నాయి. పిడికిలితో గుద్దితే గానీ తెరుచుకోని వంటింటి కిటికీ, వాన వస్తే కూనిరాగం తీసే హాలు కిటికీ, పగిలిన అద్దం బదులు రేకుముక్కతో కాపురం చేసిన మెట్ల కిటికీ. వాటి పక్కన ప్లాస్టిక్ కాగితాల్లో చుట్టిన కొత్త అల్యూమినియం కిటికీలు, కొత్త బళ్ళోకి వచ్చిన పిల్లల్లా బిగదీసుకుని నిలబడ్డాయి.

వడ్రంగి మేస్త్రి కొలతల టేపు నడుముకు తగిలించుకుని టీ తాగుతున్నాడు. నోరు తెరిస్తే 'మిల్లీమీటరు తేడా రాదు' అంటాడు కాబట్టి ఇంట్లో అందరికీ ఆయన మిల్లీమీటరు. హాలు కిటికీకి రెండు వేళ్ళ సందు వచ్చినప్పుడు కూడా గోడదే తప్పన్నాడు.

"ఏం మేస్త్రీ, నేను పొద్దున ఏం చెప్పాను మీకు?"

"వెనక గదిలో రంగు వాసన నిండిపోయింది, ఆ కిటికీ కాస్త తీయండి అన్నారు. తీశాను."

"తీయమంటే తెరవమని!"

"తెరవమంటే తెరిచేవాణ్ణి కదమ్మా."

"ఇంట్లో ఎవరైనా తెరవండి అంటారా? తలుపు తీయమంటే తలుపు ఊడబెరుకుతారా మీరు?"

"తలుపు తీయమంటే గడియ తీస్తాను. కిటికీలు మారుస్తున్న ఇంట్లో, నా చేతిలో గునపం ఉండగా, కిటికీ తీయండి అంటే ఏం చేస్తాను? సందర్భం అంటూ ఒకటుంటుంది. పైగా 'కాస్త' అన్నారు. కాస్త తీయడం ఎలాగో తెలీక మొత్తం తీశాను."

కోడలికి నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. వాసన పోవాలన్నది నిజమే. ఏళ్ళ తరబడి ఎవరూ తెరవని ఆ రెక్కల వెనక ఏముందో చూడాలని ఉండింది, అదీ నిజమే. ఆ రెండో మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

భర్తకు ఫోను చేసింది. అతను అటు నుంచి గొంతు తగ్గించి, "నేను సాయంత్రం వచ్చి మాట్లాడతా. అప్పటిదాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడకండి" అని పెట్టేశాడు. ఆ ఇంట్లో మగవాళ్ళ రాజీలన్నీ ఇలాగే ఉంటాయి.

"సరే మేస్త్రీ. దాన్ని ఎక్కడిదక్కడ పెట్టేయండి. ఆవిడ గుమ్మం దాటక ముందే."

"పెడతాను. చట్రం చెక్కు చెదరలేదు."

"రెక్కలు తెరుచుకునేలా చేసి పెట్టండి."

"అదొక్కటే కుదరదు. మేకులు దించేసి ఉన్నాయి." టీ గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు. "పెద్దమ్మగారు కూడా ఇందాకే వచ్చి, ముందు ఈ పాత కిటికీని పంపించెయ్, ముక్కలు చేసి పట్టుకుపో అన్నారు. ఒకరు పెట్టమంటారు, ఒకరు ముక్కలు చేయమంటారు. మీరంతా కలిసి ఒక మాట అనుకోండమ్మా."

కోడలు ఆగిపోయింది. పెద్దమ్మగారంటే అత్తగారు. పొద్దుట్నుంచి వంటింట్లోంచి బయటికి రాని మనిషి. ఆడపడుచు సంచి సర్దుతుంటే వద్దని ఒక్క మాట అనని మనిషి. ఆ మనిషి లేచి వచ్చింది కిటికీ కోసమా?

మోకాళ్ళ మీద కూర్చుని, పాత రెక్కల మీదికి వంగింది కోడలు. గీతలు వెతికే కళ్ళు కదా, పని మొదలుపెట్టాయి.

లోపలి వైపు గడియ ఉంది. తుప్పు పట్టి కదలకుండా ఉంది. కానీ వేసి లేదు, తీసి ఉంది. తీసి ఉన్న చోటే తుప్పు పట్టింది.

రెక్కలను తిప్పించి బయటి వైపు చూసింది. ఆకుపచ్చ రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. మేస్త్రి గునపం తగిలిన చోట పుట్టీ ముక్క రాలి, లోపల మేకు తల కనిపిస్తోంది. గోటితో ఇంకోచోట గీకింది. అక్కడా పుట్టీ కింద మేకు తల. నాలుగు మూలలా అంతే.

"ఇవి బయట నుంచి కొట్టినవి కదూ?"

"బయట నుంచే. కొట్టి, పుట్టీ పూసి, రంగేశారు. చూసినవాడికి మేకున్నట్టే తెలీదు. నా పని కాదిది, ముందే చెప్తున్నా."

లోపల గడియ తీసిపెట్టుకున్న మనిషి, బయటికి వెళ్ళి మేకులు కొట్టుకోదు. ఇంట్లో అందరూ అనుకున్నది ఒకటి: చిన్నత్తే ఆ కిటికీని మూసుకుంది, మళ్ళీ తెరవలేదు. మరి ఈ మేకులెవరివి?

వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు పీట మీద కూర్చుని, ఖాళీ గిన్నెను తువ్వాలుతో తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది.

"అత్తయ్యా, ఆ కిటికీకి మేకులెవరు కొట్టారు?"

"పాలు చూడు, పొంగుతాయి" అంది అత్తగారు.

పొయ్యి మీద పాలు లేవు. పొయ్యి వెలిగించి కూడా లేదు. కోడలు ఇంకేమీ అడగలేదు. అడగకుండా వెనక్కి తిరగడం ఆమెకు అదే మొదటిసారి.

చిన్నత్త సంచి జిప్పు లాగుతోంది. సగంలో ఇరుక్కుంది. పళ్ళు బిగించి లాగుతోంది.

"చిన్నత్తయ్యా, ఆ కిటికీ గడియ తీసి ఉందేం?"

జిప్పు మీద చెయ్యి ఆగింది.

"చూశావా?"

"చూశాను."

చిన్నత్త మంచం అంచున కూర్చుంది. కంతలోంచి గాలి వచ్చి ఆమె నెరిసిన జుట్టును రేపుతోంది. ఆ గదిలో ఆ వైపు నుంచి గాలి రావడం ఆమెకే కొత్తగా ఉన్నట్టుంది, మాటిమాటికీ అటే చూస్తోంది.

"మీ మామయ్యకీ మా అన్నయ్యకీ మాట తేడా వచ్చింది" అంది. మీ మామయ్య అంటే తన భర్త. ఆయన గురించి ఆమె నోట ఒక్క మాట రావడం కోడలు ఎన్నడూ వినలేదు. "ఇంజన్లు బాగుచేసే పని ఆయనది. వేరే ఊళ్ళో పని దొరికింది, నన్ను తీసుకుపోతానన్నాడు. ఊరూ పేరూ తెలీని చోటికి నా చెల్లెల్ని పంపనన్నాడు అన్నయ్య. మాటా మాటా పెరిగి, నా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతానన్నాడు. నేను అప్పుడు జ్వరపడి లేచి ఇక్కడున్నాను."

"మరి?"

"అదిగో, ఆ సందులోకి వచ్చాడు. అప్పట్లో సందుకి అవతలి వీధిలోంచి దారుండేది. ఈ కిటికీ దగ్గరే మాట్లాడుకున్నాం. ఎల్లుండి తెల్లారగట్ల వస్తాను, సిద్ధంగా ఉండు అన్నాడు. నేనేమో..." ఆమె ఆగి, తనను తానే వెక్కిరించుకున్నట్టు నవ్వింది. "గడియ తీసే ఉంచుతాను, రెక్క మాత్రం నేను తీయను, నువ్వే వచ్చి తీయి అన్నాను. తీసి పిలిస్తే వీధి గుమ్మంలోంచే దర్జాగా నడిచొస్తాను, దొంగలా రాను అన్నాను."

"వచ్చారా?"

"తెల్లారింది. రెక్క కదల్లేదు. మర్నాడూ తెల్లారింది. ముప్పై ఏళ్ళుగా తెల్లారుతూనే ఉంది."

"ఒక్కసారైనా మీరు నెట్టి చూడలేదా?"

"నేను తీయనన్నాను కదమ్మా. మాటన్నాక మాటే." తల దించుకుంది. "ఆ కిటికీ ఉన్నన్నాళ్ళూ అతనికి తీయడానికి ఒకటుంది అనుకున్నాను. ఇవాళ అదీ పోయింది. ఇంకా ఇక్కడ ఏం చూసుకుని కూర్చోను?"

ఇప్పుడు చెప్పబోయే మాట ఈ మనిషిని ఇంట్లో నిలబెడుతుందో, ఇంకా దూరం తోసేస్తుందో కోడలికి తెలియదు. చెప్పకుండా ఉంటే మాత్రం ఆ సంచి ఇంకాసేపట్లో గుమ్మం దాటుతుంది.

"రెక్క కదలదు చిన్నత్తయ్యా. బయట మేకులున్నాయి."

"ఏ మేకులు?"

చెప్పులు లేకుండానే ఇటుకపొడిలోంచి నడిచి వరండాలోకి వచ్చింది చిన్నత్త. కిటికీ ముందు చతికిలబడి కూర్చుంది. నాలుగు మూలలూ వేలితో తడిమింది. రెక్క అంచు పట్టుకుని లాగింది. కదల్లేదు. ఇంకా గట్టిగా లాగింది. మిల్లీమీటరు ఏదో అనబోయి, కోడలి మొహం చూసి, టీ గ్లాసు పట్టుకుని పెరటి వైపు వెళ్ళిపోయాడు.

చిన్నత్త వేలు రెక్క అంచున ఒకచోట ఆగిపోయింది. అక్కడ చెక్క మీద పొట్టి పొట్టి నొక్కులు, ఒకదాని పక్కన ఒకటి. ఏదో పదునైన పనిముట్టు దోపి, పైకెత్తడానికి చూసినట్టు. ఎండకీ వానకీ నల్లబడిపోయాయి.

"స్క్రూడ్రైవరు" అంది. "జేబులో ఎప్పుడూ పొట్టి స్క్రూడ్రైవరు ఉండేది. జేబులన్నీ దానివల్లే చిరిగేవి. నేనే కుట్టేదాన్ని."

కోడలు వంగి ఆ నొక్కులు చూసింది.

"రెండు రోజులు వచ్చారు మీ ఆయన."

ఇద్దరూ తల తిప్పారు. వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. గిన్నె ఇంకా చేతిలోనే ఉంది.

"నువ్వు చూశావా వదినా?"

"మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను."

"చూసి?"

"ఆరేశాను."

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

"మేకులు అన్నయ్య కొట్టాడు" అంది చిన్నత్త. అడగడం కాదు.

"ఆయనే. ముందు రోజు నువ్వు స్నానం చేస్తున్నప్పుడు."

"పుట్టీ?"

"నేను కలిపాను." అత్తగారి గొంతు వణకలేదు. అదే భయంగా ఉంది. "ఎందుకు కలపమంటున్నారో తెలిసే కలిపాను. ఎండి పగుళ్ళు రాకుండా నూనె ఇంకాస్త పోశాను కూడా."

కోడలు నోరు తెరిచింది, ఆ మాట ఆమెకు అలవాటైనదే. కానీ ఈసారి చిన్నత్తే ముందు అడిగింది.

"ఎందుకు?"

అత్తగారు గిన్నె కింద పెట్టింది. చాలా మెల్లగా పెట్టింది, చప్పుడు రాకుండా.

"నువ్వు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషెవరే చిట్టీ? మీ అన్నయ్య మాట్లాడేవారా? ఉప్పు తక్కువైందనీ, తలుపు వెయ్యమనీ. అంతేగా. నువ్వు జ్వరపడి వచ్చిన ఆ రెండు నెలలూ నేను నవ్వాను. తర్వాత కూడా నవ్వాలనుకున్నాను."

అరవై దాటిన ఆడపడుచును ఇప్పటికీ చిట్టీ అనే పిలుస్తుంది. ఆ పిలుపు విని వీధిలో కొత్తవాళ్ళు చిన్నపిల్ల కోసం వెతుకుతారు. ఇవాళ ఆ పిలుపుకు చిన్నత్త పలకలేదు.

"నాకు తెలుసు, పలకవు" అంది అత్తగారు. "ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో. చెబితే వెళ్ళిపోతావు. చెప్పకపోతే ఉంటావు. ఉన్నావు."

చిన్నత్త నొక్కుల మీద వేలు తీయకుండా అడిగింది. "మనిషి ఉన్నాడా?"

అత్తగారు తలూపింది.

"నీకెలా తెలుసు?"

అత్తగారు లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమంది. కాసేపటికి చెప్పులు వేసుకుని, చేతిసంచి భుజాన తగిలించుకుని వచ్చింది.

"రేవు దగ్గర ఇంజన్ల షెడ్డు. ఒంటరిగానే ఉంటున్నారు. బస్సు దిగితే ఎదురుగానే కనబడుతుంది. నేను వెళ్ళి ఆయన్ని పంపిస్తాను."

"నేను వెళ్ళమనలేదు" అంది చిన్నత్త. "నేనూ వెళ్ళను. ఆయనే వచ్చి తీయాలన్నాను. ఇవాళ్టికీ ఆ మాట మీదే ఉన్నాను."

"ఇప్పుడు తీయడానికేముంది చిన్నత్తయ్యా" అంది కోడలు, నోరు జారి. "కిటికీయే లేదు కదా!"

ఒక క్షణం ఏమవుతుందో తెలియలేదు. తర్వాత చిన్నత్త భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కోడలు దగ్గరికి జరిగింది. కాదు, నవ్వుతోంది. నవ్వుతూనే ఏడుస్తోంది. అత్తగారి పెదాలు కూడా కదలబోయి, మధ్యలో ఆగిపోయాయి. తనకు ఆ నవ్వులో చోటు లేదని ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"నేను తోడు రానా అత్తయ్యా?"

"నువ్వు చిట్టి దగ్గరుండు. సంచి విప్పించు. కంతకి అడ్డంగా ఏదైనా కట్టించు, వాన పడితే మంచం తడుస్తుంది."

మెట్లు దిగింది. గేటు దాకా వెళ్ళింది. చిన్నత్త కూర్చున్న చోటు నుంచి లేవలేదు గానీ, గొంతు మాత్రం ఎత్తింది.

"వదినా, ఎండగా ఉంది. గొడుగు పట్టుకెళ్ళు."

అత్తగారు ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. గొడుగు తీసుకోలేదు. గేటు గడియ తనే వేసి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ మలుపు తిరిగాక చాలాసేపటికి గానీ కోడలికి ఆ మాట తట్టలేదు. ఆయన్ని తీసుకొస్తాను అనలేదు అత్తగారు. పంపిస్తాను అంది.

అప్పటికి బస్సు వెళ్ళిపోయింది.

చిన్నత్త సంచి విప్పిందో లేదో, మిల్లీమీటరు ఆ కంతలో ఏది బిగించాడో, అదంతా వేరే. చిన్నత్త భర్త శుక్రవారం పొద్దున్న వచ్చాడు, ఒక్కడే, సందువైపు నుంచి కాదు, వీధి గుమ్మంలోంచే. అత్తగారు రాలేదు. బుధవారం మధ్యాహ్నం వెళ్ళిన మనిషి ఆ శుక్రవారమే కాదు, ఆ తర్వాత ఎన్నడూ ఆ ఇంటికి తిరిగి రాలేదు.